డెర్బీ అనేది ఊరా, వంశమా, పందెమా? ఒక ప్రభువుల బిరుదు ఊళ్లకూ ఆటలకూ పేరుగా ఎలా మారుతుంది?

ప్రశ్న: కాలువగట్టు (పాలకొల్లు)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. ఆటల వార్తలు చదివే పిల్లలు మా తరగతిలో చాలామంది ఉన్నారు. వారిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను.

కోల్‌కతాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్లు తలపడితే పత్రికలు దానిని డెర్బీ అని రాస్తాయి. హైదరాబాదు మలక్‌పేటలో జరిగే పెద్ద గుర్రప్పందెం పేరు డక్కన్ డెర్బీ. అమెరికాలో కెంటకీ డెర్బీ ఉంది. పటం తెరిస్తే ఇంగ్లండు నడుమ డెర్బీ అనే నగరం, ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో డెర్బీ అనే మరో ఊరు కనిపిస్తాయి. ఇవన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవేనా? మొదటి పందెం డెర్బీ నగరంలో జరిగినందువల్ల ఆ పేరు వచ్చిందా, లేక అది ఎవరైనా ప్రభువు పేరా? ప్రభువు పేరే అయితే, రాజు ఒక కుటుంబానికి ఇచ్చిన బిరుదు ఆ కుటుంబం కాపురం లేని దేశాల పటాల మీదికీ, వారికి సంబంధమే లేని ఆటల్లోకీ ఏ దారిన చేరింది?

మన గోదావరి జిల్లాల్లో బిరుదులు ఇలా ఊరి పేర్లుగానో సంస్థల పేర్లుగానో మిగిలిన ఉదాహరణలు ఉంటే అవి కూడా చెప్పమని మనవి. పిల్లలకు ఇంగ్లండు కంటే బిక్కవోలు, కాకినాడ దగ్గర కదా.

గౌతమి ఒడ్డు (రాజమహేంద్రవరం)

మాస్టారూ, కళాశాలలో చాలాకాలం చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి కాబట్టి కాస్త విస్తరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆ పందేనికి డెర్బీ నగరంతో సంబంధం లేదు. అది లండనుకు దక్షిణాన, సర్రే ప్రాంతంలో, ఎప్సమ్ పక్కనున్న మైదానంలో 1780లో మొదలైంది. ఇప్పటికీ అక్కడే జరుగుతున్నది. పందేనికి పేరు స్టాన్లీ వంశం నుంచి వచ్చింది. స్టాన్లీ అనేది వారి ఇంటిపేరు, ఎర్ల్ ఆఫ్ డెర్బీ అనేది వారి బిరుదు. డ్యూకు, మార్క్విస్ తరువాత వచ్చే ప్రభు పదవి ఎర్ల్. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో మూడో రిచర్డు మరణించగా ఏడో హెన్రీ సింహాసనం ఎక్కాడు. ఆ కొత్త రాజు తల్లిని పెళ్లాడిన థామస్ స్టాన్లీకి అదే సంవత్సరం ఈ బిరుదు దక్కింది. వారి భూములూ బలగమూ లాంకషైరులో ఉండేవి. నేటికీ వారి నివాసం లివర్‌పూల్ దగ్గరి నోస్లీ భవనమే. అంటే డెర్బీ ప్రభువులు డెర్బీ నగరవాసులు కారు.

ఇక్కడ ఒక ఆచారం తెలుసుకుంటే మీ ప్రశ్నలో సగం విడిపోతుంది. ఇంగ్లండులో బిరుదు పొందిన ప్రభువు తన సంతకంలో సొంత పేరు గాని, ఇంటిపేరు గాని రాయడు. బిరుదులోని ఊరి పేరొక్కటే రాస్తాడు. పార్లమెంటులోనూ, పత్రికల్లోనూ, విందుల్లోనూ అతడు 'లార్డ్ డెర్బీ'యే. అందువల్ల అతడు ఏ పని తలపెట్టినా దానికి అంటుకునేది మనిషి పేరు కాదు, బిరుదులోని ఊరి పేరు. మన దగ్గర పద్ధతి వేరు. ఇంటిపేర్లు ఊళ్ల నుంచి రావడం మనకూ ఉంది. విజయనగరం పూసపాటి వారికి ఆ పేరు పూసపాడు అనే ఊరి నుంచే వచ్చిందంటారు. అయితే మన ఇంటిపేరు మనిషి పేరుకు ముందు నిలబడి ఉంటుందే తప్ప, మనిషి పేరును తుడిచివేయదు.

ఇక పందెం సంగతి. పన్నెండో ఎర్ల్ ఎడ్వర్డ్ స్మిత్ స్టాన్లీకి ఎప్సమ్ దగ్గరలో 'ది ఓక్స్' అనే విడిది ఉండేది. అది అంతకుముందు ఆయన మేనత్త భర్త జనరల్ బర్గాయిన్ చేతిలో ఉండేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777లో సారటోగా వద్ద లొంగిపోయిన సేనాని ఆయనే. 1779లో ఎర్ల్, ఆయన మిత్రులు కలిసి మూడేళ్ల ఆడ గుర్రాలకు ఒక పందెం పెట్టి, దానికి ఆ విడిది పేరు మీద 'ఓక్స్' అని పేరు పెట్టారు. ఎర్ల్ గారి గుర్రం బ్రిడ్జెట్ అందులో గెలిచింది. మరుసటి ఏడాది మగ గుర్రాలు కూడా పాల్గొనేలా మరొక పందెం ఏర్పాటు చేశారు. దానికి ఇంటి యజమాని పేరు పెట్టాలా, అతిథిగా వచ్చిన సర్ చార్లెస్ బన్బరీ పేరు పెట్టాలా అన్నది నాణెం ఎగరవేసి తేల్చారని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గాని ఆ తొలి డెర్బీ గెలిచిన గుర్రం డయోమెడ్ మాత్రం బన్బరీదే. తన పేరున్న పందెంలో ఎర్ల్ గెలవడానికి 1787 వరకు ఆగవలసి వచ్చింది.

తొలి ఏళ్లలో పందెం దూరం ఒక మైలే. 1784 నుంచి మైలున్నర అయింది. మూడేళ్ల గుర్రాలు, మైలున్నర దూరం అన్న ఆ కొలత ఒక ప్రమాణంగా స్థిరపడిన తరువాత, ఇతర దేశాల వారు తమ అతి ముఖ్యమైన పందేనికి డెర్బీ అనే పేరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. మెరివెదర్ లూయిస్ క్లార్క్ అనే అమెరికన్ ఎప్సమ్ వెళ్లి ఆ పందెం చూసి వచ్చి 1875లో కెంటకీ డెర్బీ ప్రారంభించాడు. మన ముంబయిలో ఇండియన్ డెర్బీ 1943లో మొదలైంది. కెంటకీలో పందెం నడిపేవారికి స్టాన్లీ వంశంతో చుట్టరికం గాని, వారి అనుమతి అవసరం గాని లేదు. అప్పటికి డెర్బీ అంటే ఒక ప్రభువు కాదు, ఒక స్థాయి గల పోటీ. గుర్రప్పందేల నుంచి ఆ మాట ఇతర పెద్ద పోటీలకూ, ఆ తరువాత ఒకే ఊరి రెండు జట్ల మధ్య జరిగే ఆటకూ పాకింది. డెర్బీ నగరంలో రెండు చర్చి పరగణాల వారు పూర్వం ఊరంతా తిరుగుతూ ఆడిన బంతాట వల్లనే స్థానిక జట్ల పోటీకి ఆ పేరు వచ్చిందని చెప్పేవారు కూడా ఉన్నారు. కానీ అమెరికాలో కార్లు గుద్దుకునే ఆట నుంచి చక్రాల బూట్ల పందెం వరకు డెర్బీ అనే మాట వాడిన తీరు చూస్తే, అది గుర్రప్పందెం దారినే నడిచిందన్న వాదమే నాకు బలంగా తోస్తుంది.

ఆస్ట్రేలియాలోని డెర్బీకి గుర్రాలతో పని లేదు. 1882 నుంచి 1885 వరకు బ్రిటిషు ప్రభుత్వంలో వలస దేశాల మంత్రిగా ఉన్నది పదిహేనో ఎర్ల్ ఆఫ్ డెర్బీ. ఆ కాలంలోనే, 1883లో, ఆ రేవు ఊరు ఏర్పడింది, మంత్రి బిరుదు దానికి పేరయింది. ఆ ఊరు ఉన్న ప్రాంతం పేరు కింబర్లీ. అది అంతకుముందు అదే మంత్రి పదవిలో ఉన్న ఎర్ల్ ఆఫ్ కింబర్లీ బిరుదు. దక్షిణాఫ్రికాలోని వజ్రాల గనుల కింబర్లీకి కూడా 1873లో ఆయన పేరే పెట్టారు. ఆయన బిరుదులోని అసలు కింబర్లీ ఇంగ్లండులో నార్ఫోక్ ప్రాంతపు చిన్న పల్లె. ఆ పల్లె పేరు రాణిగారి పత్రం ద్వారా ఒక మనిషికి చేరి, ఆ మనిషి పదవి ద్వారా రెండు ఖండాలకు వెళ్లింది.

మరి ఫాక్‌లాండ్ దీవుల రాజధాని స్టాన్లీ ఎందుకయింది, డెర్బీ ఎందుకు కాలేదు అని మీ విద్యార్థిని అడగవచ్చు. ఎర్ల్ బతికి ఉండగా ఆయన పెద్ద కొడుకును మర్యాదకు 'లార్డ్ స్టాన్లీ' అంటారు. తండ్రి పోయాక అతడు డెర్బీ అవుతాడు. 1841 నుంచి 1845 వరకు వలస దేశాల మంత్రిగా ఉన్నవాడు ముందుముందు పద్నాలుగో ఎర్ల్ కాబోయే లార్డ్ స్టాన్లీ. ఆయన తరువాతి కాలంలో మూడుసార్లు ప్రధాన మంత్రి అయ్యాడు. మంత్రిగా ఉన్న కాలానికి తండ్రి జీవించి ఉన్నాడు కనుక ఆ దీవుల ఊరు స్టాన్లీ అయింది. హాంకాంగులోని స్టాన్లీ కూడా ఆయన పేరే. ఒకే ఇంటి వారి పేర్లు పటం మీద రెండు రకాలుగా కనిపించడానికి కారణం ఇది.

యనమదుర్రు (భీమవరం)

పెద్దలు చెప్పిన పన్నెండో ఎర్ల్ గురించి మా వైపు వారికి ఆసక్తి కలిగించే ఒక సంగతి చేర్చాలి. ఆయన గుర్రాల మీద ఎంత ఖర్చు చేశాడో కోళ్ల మీదా అంత శ్రద్ధ పెట్టాడు. కోడిపందేల్లో ఆయన ఇంగ్లండులోకెల్లా పేరుమోసినవాడు. నోస్లీలో పెంచిన నల్ల రొమ్ము, ఎర్ర ఈకల పందెం కోళ్లు ఆయన పేరుతోనే ప్రసిద్ధి పొందాయి. మన సంక్రాంతి బరుల దగ్గర డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి కోడిని పిలిచినట్టు, అక్కడ యజమాని బిరుదును బట్టి ఒక జాతిని పిలిచారన్నమాట.

ఆయన 1834లో మరణించాడు. మరుసటి ఏడాదే, 1835లో, జంతు హింస చట్టం ద్వారా ఇంగ్లండులో కోడిపందేలను నిషేధించారు. కోళ్ల పోటీ చట్టం దెబ్బకు తెర వెనక్కి వెళ్లడంతో దానితోపాటు ఆ పేరు కూడా మరుగున పడింది. గుర్రప్పందెం పార్లమెంటు సభ్యులకూ సామాన్యులకూ సెలవు దినపు వేడుకగా సాగింది కాబట్టి అక్కడ పేరు వెలిగింది. మనిషి ఒక్కడే, అభిమానం రెండింటి మీదా సమానమే. పేరును బతికించినది ఆయన ఇష్టం కాదు, తరువాతి తరాల వారు ఆ పోటీని కొనసాగించడం. నాకు ఈ విషయంలో ముఖ్యంగా తోచేది ఇదే.

ఆయన కుమారుడు పదమూడో ఎర్ల్‌కు పందేల కంటే జంతుశాస్త్రం ఇష్టం. నోస్లీలో పెద్ద జంతు సంగ్రహం పెంచాడు. ఆఫ్రికాలోని అతి పెద్ద ఏలండ్ దుప్పికీ, హిమాలయాల తూర్పు భాగంలో కనిపించే ఒక రామచిలుకకూ డెర్బీ పేరు రావడం ఆయన వల్లనే.

ఏలేరు (కాకినాడ)

పందెం గురించి, పటాల గురించి రాశారు కనుక నేను కప్పుల గురించి రాస్తాను. ఆటలోకి బిరుదు చేరే దారుల్లో బహుమతి దానం అన్నింటికంటే తిన్ననిది. ఇందులోనూ ముందుగా తలచుకోవలసింది స్టాన్లీ వారినే.

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అత్యున్నత బహుమతి స్టాన్లీ కప్పు. దానిని ఇచ్చిన ఫ్రెడరిక్ స్టాన్లీ పదిహేనో ఎర్ల్‌కు తమ్ముడు. తమ్ముడు కనుక డెర్బీ బిరుదు ఆయనకు లేదు. 1886లో 'లార్డ్ స్టాన్లీ ఆఫ్ ప్రెస్టన్' అనే ప్రత్యేక బిరుదు వచ్చింది. 1888లో కెనడాకు గవర్నర్ జనరల్‌గా వెళ్లాడు. మరుసటి ఏడాది మాంట్రియల్ శీతాకాల ఉత్సవంలో హాకీ చూశాడు. ఆయన కొడుకులూ కూతురూ కూడా ఆ ఆటలో దిగారు. 1892లో పది గినీలు పెట్టి లండనులో ఒక వెండి పాత్ర కొనిపించి, కెనడాలో గెలిచిన జట్టుకు ఏటా ఇవ్వమని ధర్మకర్తలకు అప్పగించాడు. దాని మీద చెక్కించిన పేరు 'డొమినియన్ హాకీ ఛాలెంజ్ కప్'. ఆ పొడుగు పేరు జనం నోట నిలవలేదు, దాత పేరు నిలిచింది. అన్నగారు 1893లో మరణించడంతో ఫ్రెడరిక్ పదహారో ఎర్ల్ ఆఫ్ డెర్బీ అయి ఇంగ్లండు తిరిగి వెళ్లిపోయాడు. కప్పు కోసం జరిగిన ఒక్క ఆట కూడా ఆయన చూడలేదు. ఆ దానం రెండేళ్లు ఆలస్యమై ఉంటే హాకీ వారు నేడు డెర్బీ కప్పు అంటూ ఉండేవారేమో. వాంకూవర్ నగరంలోని స్టాన్లీ పార్కు కూడా ఆయన పేరు మీద 1888లో తెరిచినదే.

ఈ కుటుంబం మనకు కూడా దూరం కాదు. ఫ్రెడరిక్ కుమారుల్లో ఒకరైన జార్జ్ ఫ్రెడరిక్ స్టాన్లీ 1929 నుంచి 1934 వరకు మద్రాసు గవర్నరు. అప్పుడు మన గోదావరి జిల్లాలు కూడా ఆ రాజధాని పాలనలోనివే. కావేరి మీద మెట్టూరు ఆనకట్ట 1934లో పూర్తయినప్పుడు దాని జలాశయానికి స్టాన్లీ రిజర్వాయరు అని పేరు పెట్టారు. చెన్నైలోని స్టాన్లీ వైద్య కళాశాల, ఆసుపత్రి కూడా ఆయన పేరువే. అక్కడ చదువుకున్న తెలుగు వైద్యులు మన జిల్లాల్లోనూ ఉన్నారు. తండ్రి పేరు మంచు మీది ఆటకూ, కొడుకు పేరు వరి పొలాలకు నీరిచ్చే జలాశయానికీ చేరాయి.

గవర్నర్లు కప్పులు ఇవ్వడం ఆనాటి పాలనలో ఒక పద్ధతి. కెనడా ఫుట్‌బాల్‌కు 1909లో ఎర్ల్ గ్రే ఇచ్చిన గ్రే కప్పు, న్యూజీలాండ్ రగ్బీకి లార్డ్ రాన్‌ఫర్లీ ఇచ్చిన షీల్డు, లార్డ్ బ్లెడిస్లో ఇచ్చిన కప్పు అన్నీ ఈ కోవలోనివే. ఆస్ట్రేలియా దేశవాళీ క్రికెట్‌లోని షెఫీల్డ్ షీల్డును పిల్లలు ఉక్కు నగరమైన షెఫీల్డుతో ముడిపెట్టకుండా చూడండి. 1891-92లో డబ్ల్యూ.జి. గ్రేస్ నాయకత్వంలో ఆస్ట్రేలియాకు జట్టును తీసుకువెళ్లిన ఎర్ల్ ఆఫ్ షెఫీల్డ్, అక్కడి క్రికెట్ అభివృద్ధికి 150 పౌన్లు ఇచ్చాడు. ఆ డబ్బుతో చేయించిన షీల్డు అది. ఆయన ఇంటిపేరు హోల్రాయిడ్, ఆయన షెఫీల్డు ససెక్స్‌లోని షెఫీల్డ్ పార్కు అనే ఎస్టేటు. అలాగే లండనులోని లార్డ్స్ మైదానం ఏ ప్రభువుదీ కాదు. దానిని నెలకొల్పిన థామస్ లార్డ్ అనే వ్యాపారి ఇంటిపేరది.

మన దేశంలో ఈ విషయానికి నేను ఇచ్చే మొదటి ఉదాహరణ సంతోష్ ట్రోఫీ. జాతీయ ఫుట్‌బాల్‌లో రాష్ట్రాల మధ్య 1941 నుంచి జరుగుతున్న ఆ పోటీ పేరు విని, సంతోష్ అనే ఆటగాడు ఎవరో ఉండేవాడని చాలామంది అనుకుంటారు. సంతోష్ అనేది తూర్పు బెంగాలులోని ఒక జమీందారీ. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో టాంగాయిల్ జిల్లాలో ఉంది. ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా పనిచేసిన మన్మథనాథ్ రాయ్ చౌధురికి సంతోష్ మహారాజా అనే బిరుదు ఉండేది. దేశ విభజనతో ఆ ఊరు సరిహద్దు దాటిపోయింది, జమీందారీలు రద్దయ్యాయి. మన రాష్ట్రాల జట్లు ఆడే పోటీలో పేరు మాత్రం మిగిలింది.

క్రికెట్‌లో పటౌడీ నవాబులది ఇంకో రకం. హర్యానాలోని చిన్న సంస్థానం పేరు ఇద్దరు క్రికెటర్లకు, అంటే ఇంగ్లండుకూ భారతదేశానికీ ఆడిన ఇఫ్తికార్ అలీ ఖాన్‌కూ, ఆయన కుమారుడు మన్సూర్ అలీ ఖాన్‌కూ, పేరైపోయింది. ఇంగ్లండులో జరిగే భారత్, ఇంగ్లండు టెస్టు సిరీస్‌కు 2007లో పటౌడీ ట్రోఫీ వచ్చింది. 2025లో దాని స్థానంలో అండర్సన్, టెండుల్కర్ పేర్లతో ట్రోఫీ పెట్టి, గెలిచిన నాయకుడికి ఇచ్చే పతకానికి పటౌడీ పేరు ఉంచారు. అతికిన పేరును తీయడం తేలిక కాదనడానికి అది కూడా సాక్ష్యమే.

మన ఉత్తరాంధ్ర వారి విజ్జీని మరవకూడదు. విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు 1936లో ఇంగ్లండులో భారత జట్టుకు నాయకత్వం వహించాడు. స్కోరు పట్టికల్లో ఆయన పేరు ఉన్నచోట 'విజయనగరం మహారాజకుమార్' అనే ఉంటుంది. ఆయన 1934లో జాతీయ పోటీకి వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ బిరుదు మీద ట్రోఫీ పెట్టించాలని ప్రయత్నించాడు. పటియాలా మహారాజు అంతకుముందు ఏడాది మరణించిన రంజిత్‌సింగ్ పేరు మీద ట్రోఫీ ఇస్తానన్నాడు. అధికారంలో ఉన్న వైస్రాయి బిరుదు ఓడి, బ్యాటు పట్టినవాడి ముద్దుపేరు రంజీ గెలిచింది. రంజిత్‌సింగ్‌కు నవానగర్ జామ్ సాహెబ్ అనే ఘనమైన బిరుదు ఉన్నా, జనం ఎంచుకున్నది దానిని కాదు. విజ్జీ పేరున విశ్వవిద్యాలయ జట్ల మధ్య విజ్జీ ట్రోఫీ పెట్టినప్పుడు కూడా నిలిచింది ఆ ముద్దుపేరే.

తుల్యభాగ (బిక్కవోలు)

మాస్టారు మా ఊరి పేరు ఎత్తారు కాబట్టి రెండు మాటలు రాయడం నా బాధ్యత. బిరుదు ఊరి పేరుగా మారడానికి బిక్కవోలు కంటే స్పష్టమైన సాక్ష్యం గోదావరి జిల్లాల్లో నాకు కనిపించదు. తొమ్మిదో శతాబ్దంలో వేంగిని పాలించిన తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడికి బిరుదాంకుడు అనే బిరుదు ఉండేది. ఆ బిరుదు మీద వెలసిన బిరుదాంకునిప్రోలు నోట నలిగి బిక్కవోలు అయింది. ఆనాటి గుళ్లు నేటికీ ఊరిలోనూ పొలాల నడుమా నిలిచి ఉన్నాయి. మా ఊరి పిల్లలు వినాయక చవితికి లక్ష్మీగణపతి గుడికి వెళతారు గాని, తమ ఊరి పేరులో ఒక రాజు బిరుదు దాగి ఉందని బడిలో ఎవరూ వారికి చెప్పడం లేదు. ఈ అమ్మాయి ప్రశ్న ద్వారానైనా అది పాఠంలోకి వస్తే సంతోషిస్తాను.

గౌతమి ఒడ్డు గారి నగరం కూడా అటువంటిదే. రాజమహేంద్ర అనేది తూర్పు చాళుక్యుల్లో పదో శతాబ్దపు మొదటి అమ్మరాజు ధరించిన బిరుదు. నగరం పేరు ఆయన బిరుదు వల్లనే వచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. జనం మాత్రం ఆ నగరాన్ని పదకొండో శతాబ్దపు రాజరాజ నరేంద్రుడితోనే కలిపి చెప్పుకుంటారు. నన్నయ భారతం ఆయన కొలువులో మొదలైంది, ఆయన కథలు నాటకాలుగా ఊరూరా ఆడారు, కాబట్టి పేరులోని కీర్తి ఆయన వైపు మొగ్గింది. ఇంగ్లీషువారు రాజమండ్రి అని పలికి రాసిన రూపం పోయి, 2015లో ప్రభుత్వ రికార్డుల్లో రాజమహేంద్రవరం తిరిగి వచ్చింది.

కొత్త కాలానికి ఉదాహరణ కావాలంటే కాకినాడలోని పి.ఆర్. కళాశాల ఉంది. పిఠాపురం రాజావారి కళాశాల అన్న పేరు కాలక్రమంలో రెండు అక్షరాలయింది. అక్కడ ఆటల పోటీలకు వచ్చే పిల్లలు 'పి.ఆర్. గ్రౌండ్స్' అనే మాట రోజూ అంటారు. పిఠాపురం అనే సంస్థానం, దానికి రాజా అనే బిరుదు, ఆ రాజావారు చదువుకు ఇచ్చిన డబ్బు ఆ రెండు అక్షరాల్లో ఉన్నాయి. ఇది కూడా షెఫీల్డ్ షీల్డు వంటి దానమే, కాకపోతే బహుమతికి బదులు బడి.

వైనతేయ (అమలాపురం)

పై వివరాలన్నీ ఆదరంగా చదివాను. ఒక్క విషయంలో నాకు భిన్నాభిప్రాయం ఉంది. అధికారం ఉన్నవారు పేరు పెడితే అది నిలుస్తుందనే భావన పటాల ఉదాహరణల్లో కనిపిస్తున్నది. కాగితం మీద నిలవడం వేరు, నోటిలో నిలవడం వేరు. మెట్టూరు జలాశయం రికార్డుల్లో స్టాన్లీ రిజర్వాయరే అయినా, నీటి మట్టం గురించి వార్త చదివే ప్రతి ఒక్కరూ మెట్టూరు డ్యాం అంటారు. ఆనకట్ట ఉన్న ఊరికి అప్పటికే పేరు ఉంది, రైతుకు ఆ పేరుతో పని జరుగుతున్నది. ఆస్ట్రేలియాలో డెర్బీ నిలవడానికి కారణం అక్కడివారికి పేరు లేక కాదు. ఆ నేల మీద తరతరాలుగా ఉన్న ఆదివాసుల పేర్లను పక్కకు నెట్టి కొత్త పటం గీశారు, కొత్తగా వచ్చి స్థిరపడినవారు ఆ పటం ప్రకారమే పిలిచారు. ఈ తేడా పిల్లలకు చెప్పకుండా ప్రభువుల పేర్ల కథ చెబితే సగం కథే చెప్పినట్టు.

మన ధవళేశ్వరం చూడండి. 1852లో పూర్తయిన ఆనకట్ట నిర్మాణం సాగిన కాలంలో గవర్నర్ జనరల్ లార్డ్ డల్హౌసీ. ఆయన బిరుదు స్కాట్లాండులోని ఒక కోట పేరు. అది హిమాచల్‌లో ఒక కొండ ఊరికీ, కోల్‌కతాలో ఒక కూడలికీ వెళ్లింది. కోల్‌కతా కూడలి పేరు స్వాతంత్ర్యం తరువాత మారింది. గోదావరి మీద ఆయన పేరు అంటనేలేదు. ఇక్కడ నిలిచినది ఆనకట్ట కట్టిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరు. ఆయనకు వంశపారంపర్య బిరుదు లేదు. 1861లో వచ్చిన 'సర్' ఆయనతోనే ముగిసేది. కోనసీమ రైతు ఆయనకు తగిలించిన 'దొర' అన్న మాటే ఇక్కడ బిరుదు. పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీకి ప్రభుత్వం ఆయన పేరు పెట్టడానికి ఎంతో ముందే, గట్ల మీద ఆయన పేరు తలిచేవారు.

గౌతమి ఒడ్డు (రాజమహేంద్రవరం)

వైనతేయ గారి సవరణను స్వీకరిస్తున్నాను, అది నా మొదటి జవాబుకు అవసరమైన చేర్పు. ఆటల విషయంలో కూడా ఇదే వర్తిస్తుందని ఒక ఉదాహరణతో చెబుతాను. నేటి బాక్సింగ్‌కు పునాది అయిన 1867 నాటి క్వీన్స్‌బెరీ నిబంధనలను రాసినది మార్క్విస్ ఆఫ్ క్వీన్స్‌బెరీ కాదు, జాన్ గ్రాహం ఛేంబర్స్ అనే వ్యాయామ నిపుణుడు. మార్క్విస్ వాటికి తన మద్దతు ఇచ్చాడు, పెద్దమనిషి బిరుదు ఉంటే నలుగురూ ఒప్పుకుంటారని ఆ పేరుతోనే ప్రచురించారు. గ్లవుజులు వేసుకోవాలి, ఒక్కో రౌండు మూడు నిమిషాలు, కింద పడినవాడికి లేవడానికి పది సెకన్లు అన్న నియమాలు ఆటగాళ్లకు పనికొచ్చాయి కాబట్టి ఆ నియమాలతోపాటు ఆ పేరూ సాగింది. శ్రమ పడినవాడి పేరు కనుమరుగైంది. మీ తరగతిలో దీనిని తప్పక చెప్పండి మాస్టారూ, ఛేంబర్స్ పేరు కూడా పలకండి.

కాలువగట్టు (పాలకొల్లు)

అందరికీ కృతజ్ఞతలు. రేపటి తరగతిలో నల్లబల్ల మీద రెండు పటాలు గీయాలనుకుంటున్నాను. ఒకదానిలో నోస్లీ నుంచి ఎప్సమ్, ఫాక్‌లాండ్, మాంట్రియల్, పశ్చిమ ఆస్ట్రేలియా, మెట్టూరు వరకు స్టాన్లీ వారి రెండు పేర్లూ వెళ్లిన దారులు. ఇంకొకదానిలో బిక్కవోలు, రాజమహేంద్రవరం, కాకినాడ, ధవళేశ్వరం. వైనతేయ గారు చెప్పినట్టు, ప్రతి ఊరి పక్కనా ఆ పేరు ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరు ఏమని పిలుస్తున్నారు అన్నది పిల్లల చేతనే రాయిస్తాను. తమ తమ ఊరి పేర్లను కూడా ఆ పటంలో చేర్చమంటాను. వారు ఇళ్లలో పెద్దలను అడిగి తెచ్చిన వాటిలో తేలనివి ఉంటే మళ్లీ ఇక్కడే అడుగుతాను. తుల్యభాగ గారూ, మీ ఊరి గుళ్లను చూడడానికి పిల్లలను తీసుకురావాలంటే ఏ నెల అనుకూలమో దయచేసి తెలియజేయండి.

తుల్యభాగ (బిక్కవోలు)

కార్తికం దాటాక, సార్వా కోతలు పూర్తయ్యే వేళకు రండి. పొలాల మధ్య గుళ్ల దగ్గరికి అప్పుడు నడిచి వెళ్లవచ్చు. వానాకాలంలో గట్లు బురదగా ఉండి చిన్నపిల్లలకు కష్టమవుతుంది. మీరు వచ్చే రోజు ముందుగా చెబితే నేను వెంట ఉండి అన్నీ చూపిస్తాను.